రేపటికి సాక్ష్యం

సరిహద్దులో యుద్ధం మొదలైన వారం హనుమంతు కందిచేను నిండు పూత మీద ఉంది. బషీరాబాద్ మండలంలో రైలు పట్టాలను ఆనుకుని ఉన్న నల్లరేగడి చేను అది. రెండు రోజులు ముసురు పట్టేసరికి పూతలో పురుగు కనిపించింది. చేను మనిషెత్తు పెరిగింది. పంపులు వీపున కట్టుకుని మనుషులు లోపలికి దూరితే కొమ్మలు విరుగుతాయి. అందుకని హనుమంతు తాండూరుకు ఫోన్ చేసి తారిఖ్‌ను రమ్మన్నాడు.

తారిఖ్ చాంద్‌పాషా కొడుకు. చాంద్‌పాషా బతికున్నన్నాళ్లూ హనుమంతు కందులు పప్పుమిల్లుకు పోయింది అతని ట్రాలీ మీదే. కొడుకు డ్రోన్ నడపడం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, చుట్టుపక్కల మండలాల్లో చేలకు మందు కొడుతున్నాడు. పెళ్లయి ఏడాది. భార్య జబీన్ కడుపుతో ఉంది. తారిఖ్ మాట తక్కువ మనిషి. చేను గట్టు మీద నిలబడి డ్రోన్ వైపు చూస్తున్నంతసేపూ పక్కన ఎవరు పలకరించినా అతనికి వినపడదు.

"కాకా, డ్రోన్లు లేపొద్దని పోలీసోళ్లు చెప్పిన్రంట గద," అన్నాడు ఫోన్లో.

"అది పెండ్లిళ్ల ఫోటోలు తీసెటోళ్లకురా. మందు కొట్టేదానికి ఏముంటది? ట్రాక్టర్ లెక్కనే గద."

"నాకూ గట్లనే అనిపిస్తున్నది. అయినా జర ఎవర్నన్న అడుగుదామా?"

"ఎవర్ని అడుగుతవ్? నువ్వు అడిగొచ్చేటాల్లకు పూతంత రాలుతది."

తారిఖ్ వచ్చాడు. పొద్దున్నే గాలి లేని వేళ చూసి డ్రోన్ లేపాడు. సగం చేనుకు మందు పడ్డాక తాండూరు వైపు నుంచి ఒక గూడ్సు బండి వచ్చింది. ఒక్కో పెట్టె మీద టార్పాలిన్ కప్పిన పెద్ద పెద్ద లారీలున్నాయి. వాటి పక్కన జవాన్లు నిలబడి ఉన్నారు. పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు కొడవళ్లు పైకెత్తి ఊపారు. జవాన్లు కూడా చేతులూపారు. హనుమంతు తలపాగా తీసి ఊపాడు. డ్రోన్‌కున్న కెమెరాలో ఇదంతా పడింది. పని ముగిశాక తారిఖ్ ఆ ముక్కను ఫోన్లోకి తీసుకుని, కింద జెండా బొమ్మ పెట్టి, "మన జవాన్లకు సలాం" అని రాసి స్టేటస్ పెట్టుకున్నాడు. హనుమంతు దాన్ని భార్య అరుణాదేవికి చూపించి, "చూడు, మన చేను టీవీల వచ్చినట్టున్నది," అని మురిసిపోయాడు.

సౌదీ అరేబియాలోని దమ్మాంలో పనిచేసే తారిఖ్ మేనమామ ఆ వీడియో చూసి, తన గదిలో ఉండేవాళ్ల గ్రూపులో పెట్టాడు. ఆ గదిలో ఏ దేశంవాళ్లు ఉన్నారో మేనమామకే సరిగ్గా తెలియదు.

ఆ వీడియో చేతులు మారి పోలీసుల దాకా వచ్చింది. వాళ్లు తారిఖ్‌ను ఇంటి దగ్గరే పట్టుకున్నారు. సంగతి తెలియగానే హనుమంతు స్టేషన్‌కు పోయాడు. చేను తనదనీ, పిలిచింది తనేననీ, నిషేధం మందు కొట్టే డ్రోన్లకు కాదనుకున్నది కూడా తనేననీ చెప్పాడు. వాళ్లు ఓపిగ్గా రాసుకున్నారు. ఆయన సంతకం పెట్టాడు. "మంచిది పటేలా, అవసరముంటే పిలుస్తం," అన్నారు. తర్వాత ఎవరూ పిలవలేదు.

జబీన్ పట్టిన లాయరు పేరు రెబెక్క. తాండూరు కోర్టులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఆవిడ. నిషేధం ఉండగా డ్రోన్ లేపిన కేసులో ఆమె బెయిలు తెచ్చింది. కానీ ఆ బెయిలు ఉత్తర్వు జైలుకు చేరేలోపే జిల్లా అధికారుల నుంచి మరో ఉత్తర్వు చేరింది. జాతీయ భద్రతా చట్టం కింద తారిఖ్‌ను నిర్బంధిస్తున్నామని దానిలో ఉంది. ఇది కేసు కాదు, శిక్ష కాదు, కాబట్టి దీనికి బెయిలు కూడా లేదు.

అది అర్థం చేసుకోవడానికి హనుమంతుకు చాలాసేపు పట్టింది.

"నేరం చేసిండని కాదు పటేలా," అంది రెబెక్క. "చేస్తడేమోనని. చెయ్యకముందే ఆపుతున్నమంటరు."

"చెయ్యకముందే అయితే చెయ్యలేదన్నట్టే గద?"

రెబెక్క బల్ల మీది పుస్తకం మూసి, మళ్లీ అదే పేజీ తెరిచింది.

కొన్నాళ్లకు యుద్ధం ఆగింది. కాల్పుల విరమణ అని టీవీలో రాగానే తాండూరు చౌరస్తాలో పటాకులు కాల్చారు. ఆ పొగలోంచే నడుచుకుంటూ జబీన్ రెబెక్క ఆఫీసుకు వచ్చింది. హనుమంతు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు.

"మేడం, యుద్ధం బందైంది. ఇగ ఇడుస్తరు గద?" అంది జబీన్. ఆమె ముఖం వెలిగిపోతోంది.

రెబెక్క ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "చూడు జబీన్, ఈ చట్టానికి యుద్ధంతోని పని లేదు. యుద్ధం ఉన్నా నడుస్తది, లేకున్నా నడుస్తది. దానికి హద్దొకటి ఉన్నది. ఏడాది. అంతకు మించి ఉంచలేరు."

"ఏడాదా?"

"అది ఆఖరి హద్దు. అంతకంటే ముందు మనకు దారులున్నయి. ముగ్గురు జడ్జీల సలహా మండలి ఒకటుంటది. కారణం సరిగ్గ లేదని వాళ్లంటే సర్కారు ఇడువాల్సిందే. హైకోర్టు ఉన్నది. అక్కడ పిటిషన్ నేనేస్త."

"మండలి ముంగట మీరే మాట్లాడుతరు గద మేడం?"

"లాయరుకు లోపలికి అనుమతి లేదు. చట్టంలనే రాసిన్రు. కానీ స్నేహితుడు రావచ్చు. లాయరు గాని స్నేహితుడు." రెబెక్క హనుమంతు వైపు చూడకుండానే చెప్పింది. "నువ్వు పోతే భార్య గనుక చెప్తున్నదంటరు."

జబీన్ ఇద్దరు ముగ్గురి దగ్గరికి పోయి వచ్చింది. తారిఖ్‌కు డ్రోన్ నేర్పినాయన ఫోన్ ఎత్తలేదు. వాళ్ల వీధిలో పెద్దమనిషి, తన పేరు అట్లాంటి చోట వినిపిస్తే తన పిల్లల సంగతేమిటని అడిగాడు. ఆమె హనుమంతును నోరు తెరిచి అడగలేదు. ఒక పొద్దున బస్సులో ఆయన ఊరికి వచ్చి, అరుగు మీద కూర్చుని, అరుణాదేవి ఇచ్చిన చాయ్ తాగి, ఏమీ అడగకుండానే లేవబోయింది.

"నేను వస్త బిడ్డా," అన్నాడు హనుమంతు.

జబీన్ పోయాక అరుణాదేవి చాయ్ గ్లాసు తీయకుండా అక్కడే నిలబడింది. వాళ్ల కొడుకు శ్రీకాంత్‌కు సర్కారు కొలువు వచ్చింది. చేరేలోపు పోలీసుల విచారణ ఒక్కటే మిగిలి ఉంది.

"పిలగాడు గిన్నేండ్లు కష్టపడ్డడు. నువ్వు పోయి ఆడ నిలబడితే మన ఇంటి పేరు కూడ ఆ ఫైల్ల ఎక్కుతది."

"డ్రోన్ లేపమన్నది నేనే గదనే."

"అది పోలీసులకు చెప్పినవ్ గద. సంతకం పెట్టినవ్ గద. వాళ్లు ఇనలే. ఇగ ఎంతమందికి చెప్తవ్?"

హనుమంతు తల వంచుకుని కూర్చున్నాడు.  మండలి ముందుకు వెళ్లాల్సిన రోజు అరుణాదేవి ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. "పోతే పో. తిరిగొచ్చినంక ఏం మాట్లాడినవో మాత్రం నాకు చెప్పకు," అంది.

మండలి హైదరాబాద్‌లో ఉంటుంది కానీ హనుమంతును వికారాబాద్‌కు రమ్మన్నారు. అక్కడ ఒక ప్రభుత్వ కార్యాలయంలో గది. గోడకు పెద్ద టీవీ. దాని ముందు ఒక బల్ల, ఒక కుర్చీ. రెబెక్కనూ జబీన్‌నూ వరండాలో ఆపేశారు. దారంతా రెబెక్క ఆయనకు చెప్పాల్సిన మాటలు వల్లె వేయించింది. నిషేధం గురించి ఊళ్లో దండోరా వేయలేదని చెప్పాలి. వీడియో జవాన్ల మీద అభిమానంతో పెట్టిందని చెప్పాలి. మేనమామ చేసిన పని తారిఖ్‌కు తెలియదని చెప్పాలి. హనుమంతు ఆ మాటలను పెదవుల మీదే తిప్పుకుంటూ లోపలికి పోయాడు.

టీవీలో ముగ్గురు జడ్జీలు కనిపించారు. మూలన చిన్న గడిలో జైల్లోంచి తారిఖ్ కనిపించాడు. గడ్డం పెరిగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో పిల్లవాడిలా నిటారుగా కూర్చున్నాడు. హనుమంతు చెయ్యెత్తాడు. తారిఖ్ చూశాడో లేదో తెలియలేదు.

మధ్యలో కూర్చున్న జడ్జి పెద్దవయసు మనిషి. గొంతు మెత్తగా ఉంది. "కూర్చోండి. నీళ్లు తాగండి. మీరు ఇతనికి ఏమవుతారు?"

"ఏం గాను సార్. తెలిసినోన్ని. దోస్తును."

"చెప్పండి."

వల్లె వేసిన మాటలన్నీ ఆయన చెప్పాడు. వరస తప్పింది కానీ ఏదీ వదిలిపెట్టలేదు. ఆఖరికి, "డ్రోన్ లేపమన్నది నేను సార్. ఆయన వద్దన్నడు. నేనే ఒత్తిడి చేసిన. పట్టుకుంటే నన్ను పట్టుకోవాలె," అన్నాడు.

జడ్జి అడ్డు రాకుండా అంతా విన్నాడు. "మీరు చెప్పింది అబద్ధమని మేం అనుకోవడం లేదు. ఆ రోజు అతను ఏం చేశాడన్నది క్రిమినల్ కేసులో తేలుతుంది. ఇక్కడ ప్రశ్న వేరు. బయట ఉంటే ఇకముందు దేశ భద్రతకు హాని కలిగే పని చేస్తాడా లేదా అన్నదే మేం చూడాలి. దాని గురించి మీరేమైనా చెప్పగలరా?"

"చెయ్యడు సార్."

"ఎలా చెప్పగలరు?"

"నాకు తెల్సు సార్. చిన్నప్పటిసంది చూస్తున్న."

"మళ్లీ సరిహద్దులో ఉద్రిక్తత వస్తుంది. మళ్లీ అటువంటి రైలు పోతుంది. అప్పుడు వీడియో తీయడనీ, ఎవరికీ పంపడనీ మీరు గట్టిగా చెప్పగలరా? తెలిసి కావచ్చు, తెలియక కావచ్చు."

హనుమంతు ఆలోచించాడు. ఆయన నిజంగానే ఆలోచించాడు. పెద్దమనిషి మర్యాదగా అడుగుతున్నాడు, తనూ సరైన జవాబే ఇవ్వాలనుకున్నాడు. మొన్న తెలియకే కదా ఇద్దరూ చేసింది. రేపు తెలియక ఏం చేస్తారో ఎవరికి తెలుస్తుంది?

"సార్," అన్నాడు చివరికి, "రేపు నేనేం చేస్తనో నాకే తెల్వది. ఇంకొకల సంగతి ఎట్ల చెప్త?"

ఆ మాట నోటి నుంచి బయటపడ్డాక గాని దాని బరువు ఆయనకు తెలియలేదు. టీవీలో ఒక జడ్జి తల వంచి ఏదో రాసుకున్నాడు. మూలగడిలో తారిఖ్ పెదవులు కదిలాయి, కానీ వాళ్లు అటు మైకు ఆపి ఉంచారు. హనుమంతు కుర్చీలోంచి లేచి, "అట్ల గాదు సార్, నేననేది," అని మొదలుపెట్టాడు. జడ్జి రెండు చేతులూ జోడించి, "చాలా దూరం నుంచి వచ్చారు, సంతోషం," అన్నాడు. టీవీ నీలంగా మారింది.

వరండాలో రెబెక్క ఎదురొచ్చింది. "ఏమడిగిన్రు?"

ఆయన ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. రెబెక్క చేతిలోని ఫైలు మూసింది. "మంచిగనే చెప్పిన్రు పటేలా," అంది. అది ఓదార్పు అని ముగ్గురికీ తెలుసు. తాండూరు దాకా బస్సులో జబీన్ కిటికీ పక్కన కూర్చుని, ఒక్క మాట కూడా ఆయనను తప్పు పట్టలేదు.

నిర్బంధానికి తగిన కారణం ఉందని మండలి తేల్చింది. హనుమంతు రెబెక్క ఆఫీసుకు పోయి అడిగాడు. "నా మాట వల్లనేనా మేడం?"

"నాకు తెల్వది. మండలి నివేదిక బయటికియ్యరు. మీ మాట దాంట్ల ఉన్నదో లేదో మీకూ తెల్వదు, నాకూ తెల్వదు. ఎన్నటికీ తెల్వదు."

అప్పటి నుంచి హనుమంతు ఆ జవాబును మనసులో ఎన్ని రకాలుగా మార్చుకున్నాడో లెక్క లేదు. చెయ్యడు సార్, నాది హామీ. చెయ్యడు సార్, చేస్తే నా తల తీయున్రి. నాగలి పట్టుకున్నా, స్నానం చేస్తున్నా అవే మాటలు. ఒకసారి అవి పైకే వినిపించాయి. అరుణాదేవి వంటింట్లోంచి తొంగి చూసింది. ఏమిటని అడగలేదు. పక్కన వచ్చి కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ ఉండిపోయింది.

హైకోర్టులో పిటిషన్ వాయిదాల మీద నడిచింది. ప్రభుత్వం తరఫున గడువు అడిగారు, ఇచ్చారు. మళ్లీ అడిగారు, మళ్లీ ఇచ్చారు. ఈలోగా జబీన్‌కు ఆడపిల్ల పుట్టింది. సిద్రా అని పేరు పెట్టారు. ఎండలు ముదిరాక ఒక రోజు తీర్పు వచ్చింది. నిర్బంధానికి కారణాలను తారిఖ్‌కు ఇంగ్లీషులో మాత్రమే ఇచ్చారనీ, అతను తెలుగు మీడియంలో చదువుకున్నవాడనీ, అర్థంకాని భాషలో ఇస్తే ఇవ్వనట్టేననీ, నిర్బంధం చెల్లదనీ కోర్టు అంది. యుద్ధకాలమైనా పౌరుడికి తనను ఎందుకు పట్టుకున్నారో తెలుసుకునే హక్కు ఉందని కూడా రాసింది. రెబెక్క ఆ వాక్యాన్ని ఫోన్లో రెండుసార్లు చదివి వినిపించింది. 

తారిఖ్‌ను తీసుకురావడానికి జబీన్, పిల్ల, హనుమంతు ఆటో మాట్లాడుకుని జైలుకు పోయారు. గేటు చిన్న తలుపు తెరుచుకుని తారిఖ్ బయటికి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి ఉంది. పిల్లను చూసి రెండడుగులు వేశాడు. అప్పుడు పక్కన ఆగి ఉన్న జీపులోంచి ఒక అధికారి దిగి అతని చేతికి కొన్ని కాగితాలిచ్చాడు. కొత్త నిర్బంధ ఉత్తర్వు. కారణాలు పాతవే. ఈసారి అన్నీ తెలుగులో, అచ్చుతప్పు లేకుండా టైపు చేసి ఉన్నాయి.

"అర్థమైతున్నదా? చదువుకున్నవా?" అని అధికారి అడిగాడు.

తారిఖ్ మొదటి పేజీ చదివాడు. "అర్థమైతున్నది సార్," అన్నాడు. అర్థమైనట్టు సంతకం పెట్టి, జీపెక్కాడు. సిద్రాను ఎత్తుకోలేదు.

హనుమంతు జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. "కోర్టు చెల్లదన్నది గద సార్! నిన్ననే గద అన్నది!"

"ఆ ఉత్తర్వు చెల్లదన్నది పెద్దాయనా. ఇది వేరే ఉత్తర్వు. జరగు."

ఇలా చేయవచ్చా అని ఆయన ఆ రోజే రెబెక్కను అడిగాడు. చేయవచ్చంది. మొదటిసారి పట్టుకున్న రోజు నుంచి ఏడాది దాటకుండా ఉంటే చాలు, చట్టం ఒప్పుకుంటుంది. ఆమె ముందు ఆ తీర్పు ప్రతి ఉంది. దాన్ని ఆమె ఫైలులో పెట్టి దారం కట్టింది. తారిఖ్‌ను మళ్లీ మండలి ముందుకు తీసుకుపోతారనీ, మళ్లీ స్నేహితుడు కావాలనీ చెప్పింది.

"ఈసారి మంచిగ చెప్త," అన్నాడు హనుమంతు వెంటనే. "హామీ ఇస్త. ఏమడిగినా ఇస్త."

జబీన్ జైలు ములాఖత్‌కు పోయి వచ్చి చెప్పింది. "ఎవ్వరూ వద్దన్నడు కాకా. మీరు ఆ రోజు చెప్పింది నిజమే అన్నడు. రేపటి సంగతి ఎవరు చెప్పగల్గుతరు అన్నడు."

"కోపంగ అన్నడా?"

"లేదు కాకా. మామూలుగనే అన్నడు." ఆమె పిల్లను భుజం మార్చుకుంది. "కోపంగ అన్నా బాగుండు."

చట్టం గీసిన హద్దు దగ్గరికి వచ్చేసరికి తారిఖ్‌ను వదిలిపెట్టారు. ఆ హద్దును ఎవరూ దాటలేదు. సిద్రా తండ్రిని చూసి ఏడ్చి తల్లి మెడ పట్టుకుంది. డ్రోన్ కేసు ఇంకా కోర్టులోనే ఉంది. లైసెన్సు రద్దయింది. తారిఖ్ తాండూరు శివారులో బండలు పాలిష్ చేసే యూనిట్‌లో కుదిరాడు. కెమెరా లేని చిన్న ఫోన్ కొనుక్కున్నాడు. అదీ ఇంట్లోనే వదిలి పోయేవాడు. శ్రీకాంత్ ఉద్యోగంలో చేరాడు. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ చాయ్ తాగి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. ఆ విషయం తలుచుకున్నప్పుడల్లా హనుమంతుకు ఎందుకో ముఖం చెల్లేది కాదు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం సరిహద్దులో మళ్లీ కాల్పులని టీవీలో వచ్చింది. సాయంత్రానికి జబీన్ నుంచి ఫోన్. "కాకా, ఆయన పనికాడ లేడు. ఇంటికి రాలే. మీ దగ్గరికేమన్న వచ్చిండా?"

హనుమంతు తాండూరుకు పోయి, యూనిట్ దగ్గర అడిగి, బస్టాండులో చూసి, తోచక పోలీస్ స్టేషన్‌కు పోయాడు. వరండాలో బెంచీ మీద తారిఖ్ కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద బండల దుమ్ము అలాగే ఉంది.

ఎస్సై ఆయనను చూసి లేచి వచ్చాడు. "మేం తీస్కరాలే పటేలా. ఆయనే వచ్చి కూసున్నడు. పొమ్మంటే పోతలేడు. జర మీరన్న చెప్పున్రి."

హనుమంతు తారిఖ్ పక్కన కూర్చున్నాడు. "ఏందిరా ఇది? ఇంటికి నడువ్. జబీన్ పరేషానైతున్నది."

"ఈడనే ఉంట కాకా. అటు గడబిడ తగ్గేదాక." తారిఖ్ మెల్లగా చెప్పాడు. ఎక్కడా ఆవేశం లేదు. "ఇంట్ల ఉంటే నేనేం చేస్తున్ననో ఎవరికి తెలుస్తది? ఈడుంటే సార్లందరు చూస్తనే ఉంటరు గద. నేనేం చెయ్యలేదని వాళ్లే సాక్ష్యం."

"నిన్నెవరూ ఏమంటలేరురా."

"అనకముందే కాకా."

 లోపల టీవీలో వార్తలు చదువుతున్నారు. జబీన్ టిఫిన్ తెచ్చింది. స్టేషన్ మెట్ల మీదే పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తారిఖ్ తిన్నాడు, గిన్నె కడిగి ఇచ్చాడు, మళ్లీ బెంచీ మీద అదే చోట కూర్చున్నాడు. బషీరాబాద్ ఆఖరి బస్సు వేళయింది. పొమ్మని తారిఖే గుర్తుచేశాడు. హనుమంతు పోయాడు.

సరిహద్దు చల్లబడ్డాక తారిఖ్ ఇంటికి పోయాడు. మరుసటి నెలలో ఎక్కడో బాంబు పేలిందని వార్త వచ్చినప్పుడు మళ్లీ పోయి కూర్చున్నాడు. ఆ తర్వాత, యుద్ధం వస్తే ఏం చేయాలో చూపడానికి సైరన్లు మోగించి కసరత్తు చేసిన రోజున కూడా. ఎస్సై బదిలీ అయి వేరే ఆయన వచ్చాడు. ఆయనకు ఎవరో సంగతి చెప్పారు. ఇప్పుడు తారిఖ్ ఎందుకొచ్చాడని స్టేషన్‌లో ఎవరూ అడగరు. బెంచీ మీద కూర్చున్న కానిస్టేబుల్ కొంచెం జరిగి చోటిస్తాడు.